మూడు కొటేషన్ల జైరో

మొన్న ఫోన్ పాడైతే, ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా సొసైటీ గేటు ఎదురుగా ఉన్న రిపేరు దుకాణానికి తీసుకెళ్లాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అంకుల్‌జీ, జైరో గయా. సస్తా వాలా డాల్ దూఁ?” అన్నాడు. జైరో పోయింది, చవకది వేసేయనా అని అడగడంలో అతని తప్పేమీ లేదు. నేనే ఫోను వెనక్కి తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, “ఇంకా గుచ్చుకుంటోందా మీకు?” అంది. గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది?

అప్పట్లో మేం ఢిల్లీలోనే మయూర్ విహార్‌లో ఉండేవాళ్లం. మెట్రో ఇంకా మా దాకా రాలేదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో, కొనుగోళ్ల విభాగంలో నాకప్పటికే ఇరవయ్యేళ్ల సర్వీసు. కుర్చీలు కొన్నా, ఫినాయిలు కొన్నా పద్ధతి ఒక్కటే. మూడు కొటేషన్లు తెప్పించాలి, పట్టిక గీసి వాటిని పక్కపక్కన పెట్టాలి, అక్కర్లేని హంగులు కొట్టేయాలి, మిగిలినవాటిలో తక్కువ ధర చెప్పినవాడికి ఆర్డరివ్వాలి. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. మిక్సీ కొనాలన్నా మూడు దుకాణాల ధరలు కాగితం మీదికి ఎక్కాల్సిందే. “పెళ్లిచూపులకి కూడా మూడిళ్లు తిరిగారా బావగారూ?” అని మా మరదలు ఆటపట్టించేది. నిజానికి నాలుగు తిరిగాను, ఆ సంగతి ఇప్పటిదాకా బయటపెట్టలేదు.

మా అమ్మాయి అప్పుడు ఇంజినీరింగు మూడో సంవత్సరం. తెలుగంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం సగం హిందీలో ఇచ్చేది. కాలేజీలో నలుగురు పిల్లలు కలిసి రోబోలు చేసుకోవడానికి పాత స్టోరు గది ఒకటి సంపాదించారు. మా అమ్మాయే వాళ్లకు నాయకురాలు. ఆ గదే ఆమె లోకం, పండగనాడు కూడా అక్కడే ఉండేది. రాబోయే పోటీలో ఫైనల్‌కు చేరకపోతే గది ఖాళీ చేయించి సామాన్లు పెట్టుకుంటామని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పాడు. పోటీలో రోబో ఎవరూ ముట్టుకోకుండా తనంతట తానే సందుల్లో నడుస్తూ మూలమూలకీ సరిగ్గా మలుపు తిరగాలి. అందుకే జైరో కావాలంది. అదేమిటని అడిగితే, “నాన్నా, ఆంఖే బంద్ కర్‌కే చలియే” అంటూ కళ్లు మూయించి హాల్లో నడిపించింది. నాలుగడుగులు వేసేసరికి మోకాలికి టీవీ బల్ల తగిలింది. “ఎంత తిరిగారో మీకు తెలీలేదు కదా, అది చెప్పేదే జైరో” అంది నవ్వుతూ.

ఏది కొనాలో నన్నే చూడమంది. “ఖరీద్‌నా తో ఆప్‌కో ఆతా హై” అంది, కొనడమంటే మీకే బాగా వచ్చని. ఎదిగిన కూతురు అలా అడిగితే పొంగిపోని తండ్రి ఉంటాడా? శనివారం ఇద్దరం పాత ఢిల్లీ ఎలక్ట్రానిక్స్ బజారంతా తిరిగి మూడు దుకాణాల్లో మూడు రకాలు చూశాం. అన్నిటికన్నా ఖరీదైనదానిలో ఒక విశేషం ఉంది. తనెంత వేడిగా ఉందో, ఎంత చల్లగా ఉందో కూడా అదే చెబుతుందట, దాన్నిబట్టి లెక్క సరిచేసుకోవచ్చట. ఆ దుకాణంలోని ముసలాయన నాతో, “బాబూజీ, యహీ లీజియే. దిల్లీ కీ సర్దీ-గర్మీ మే సస్తా వాలా బహక్ జాతా హై” అన్నాడు. ఇక్కడి చలికీ ఎండకీ చవకది దారి తప్పుతుందని పాపం ఉన్నమాటే చెప్పాడు. అమ్మేవాడు ఖరీదైనదాన్ని కాక మరిదేన్ని మెచ్చుకుంటాడని నేను లోలోపల నవ్వుకున్నాను. ఇంటికొచ్చి పట్టిక గీసి, ఆ విశేషం రాసిన గడిని ఎర్ర సిరాతో కొట్టేసి ‘అవసరం లేదు’ అని రాశాను. “నాన్నా, పక్కా?” అంది. పక్కా అన్నాను. నలుగురు పిల్లలూ వేసుకున్న చందాకి నేను కొంచెం కలిపితే ఖరీదైనదే వచ్చేది. ఆ ఆలోచనే రాలేదు నాకు. చవకదే కొన్నారు.

మా హాల్లో హీటరు పెట్టుకుని వారం రోజులు సాధన చేశారు. రోబో కదలకుండా ఉన్నప్పుడు జైరో చూపించే అంకెనే సున్నా అనుకోమని ప్రోగ్రాంలో రాశారు. అట్టపెట్టెలు పేర్చిన సందుల్లో అది గీత గీసినట్టు తిరిగేది. మా ఆవిడ దానికి అడ్డం రాకుండా గోడవారగా నడిచేది. ఆఫీసులో అందరికీ గొప్పలు చెప్పుకున్నాను.

పోటీ రోజు పొద్దున పొగమంచు ఇంకా విడలేదు. మైదానంలో షామియానా కింద మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చేది. ఈల వేశారు. రోబో రెండడుగులు నేరుగా వెళ్లి, మెల్లగా ఎడమకు వాలుతూ పోయి గోడకు కొట్టుకుంది. మళ్లీ మొదలుపెట్టడానికి ఒక్క అవకాశమిచ్చారు. మా అమ్మాయి నేల మీద మోకరించి లాప్‌టాప్ చూసి, “ఖడా హై, ఫిర్ భీ రీడింగ్ భాగ్ రహీ హై” అంది, కదలకుండా నిలబడి ఉన్నా అంకె పరుగెడుతోందని. హీటరు పెట్టిన మా హాల్లో సున్నా అనుకున్న అంకె ఈ చలికి మారిపోయింది. నిలబడి ఉన్నా తిరుగుతున్నాననుకుంటోంది అది. లేని మలుపును సరిదిద్దుకోబోయి నిజంగా తిరిగిపోతోంది. వేళ్లు కొంకర్లు పోతుంటే ప్రోగ్రాంలో కొత్త అంకె కొట్టబోయింది, ఇంతలో టైమైపోయింది. రెండోసారీ అదే గోడ. కుర్చీల వరసలో కూర్చున్న నాకు ఆ ఎర్ర సిరా గీతే కనిపించింది. లేచి ఆమె దగ్గరకు వెళ్లే ధైర్యం లేకపోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రోబోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. యమున వంతెన మీదికొచ్చాక నేనే, “నావల్లే అమ్మా” అన్నాను. “నహీ నాన్నా, మీరు రూల్ ప్రకారమే చేశారు” అంది. తిట్టినా బాగుండేది. వారం తిరక్కుండా గది ఖాళీ చేశారు. విడిభాగాలు ఎవరివి వాళ్లు పంచుకున్నారు. మరుసటేడు అమ్మాయి క్యాంపస్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయింది. మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టుకోగా నేను చూడలేదు.

ఇప్పుడు గుర్‌గావ్‌లో ఉంటోంది. ప్రేమలో లోటేమీ లేదు, ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. ఉద్యోగం మారినా, ఫ్లాటు కొన్నా అన్నీ అయ్యాక చెబుతుంది. చెబుతుందే కానీ అడగదు. ఎప్పుడైనా ఏదైనా అడిగితే ఈసారి “నాకు తెలియదమ్మా, తెలిసినవాళ్లను అడుగుదాం పద” అనాలని ఆ ఆటోలోనే అనుకున్నాను. ఆ ఒక్క మాట అనే రోజు కోసం చూస్తూ చూస్తూ డెబ్బయ్యో ఏట అడుగుపెట్టాను.