నాలుగు వేల ముఖాలూ, అనుమానం బాబాయీ

తాము ఫలానా అని రుజువు చేసుకునేదాకా అనుమానం బాబాయ్ దృష్టిలో లోకంలో ఎవరూ ఎవరూ కారు. పొద్దున్నే ఆఫీసు తలుపు తీసిన మనిషిని కూడా “మీరు మీరేనా?” అని అడిగి, జవాబు విన్నాకే లోపల అడుగుపెడతాడు. నీళ్ళ డబ్బా తెచ్చే అతను ఈ ప్రశ్నకి మొదటి వారం నవ్వాడు, రెండో వారం విసుక్కున్నాడు, మూడో వారం నుంచి గుమ్మంలోనే “నేను నేనే, డబ్బా డబ్బానే” అని తనే చెప్పేసి వెళ్ళడం నేర్చుకున్నాడు. సాక్షాత్తూ అత్తగారు పుట్టినరోజు దీవెనలు చెబుదామని ఫోన్ చేస్తే, ముందు తన పెళ్ళిలో ఆవిడ కట్టుకున్న చీర రంగు చెప్పమన్నాడట. ఆవిడకి గుర్తు రాలేదు. దీవెనలు ఏడాదిపాటు పెండింగులో పడ్డాయి.

ఇలాంటి మనిషికి జీతమిచ్చి మరీ అనుమానపడమనే చోటు దొరకడం ఆయన అదృష్టం. అది కృత్రిమ కళ్ళు తయారుచేసే సంస్థ. మేడ మీద మూడు గదులు. ముందు గదిలో రికార్డులు చూసుకునే ఆవిడ. అద్దాల గదిలో కళ్ళు చేసే పెద్దాయన, ఆయనే యజమాని. వెనక గదిలో, కంప్యూటర్ల బాధ్యత మోసే అనుమానం బాబాయ్. మధ్య నడవాలో గోడ పొడుగునా సొరుగులు. ఏ సొరుగు లాగినా నలభై కళ్ళు ఒక్కసారిగా పైకి చూస్తాయి. అన్నిటికన్నా కింది సొరుగు కాస్త వదులు. వీధిలో లారీ వెళితే అది దానంతటదే మెల్లగా తెరుచుకుంటుంది. రికార్డులావిడ లోపలికి చూడకుండా దాన్ని రోజుకి నాలుగుసార్లు కాలితో మూస్తుంది.

కళ్ళు సొరుగుల్లో ఉంటే, ముఖాలు క్లౌడ్‌లో ఉండేవి. వచ్చిన ప్రతి మనిషికీ కన్ను లేనప్పుడు నాలుగు ఫొటోలు, పెట్టాక నాలుగు. అలా నాలుగు వేలమంది. ఒకప్పుడు అవి ఇనప బీరువాలో ఉండేవట. పైపు పగిలి బీరువా తడిసి, సగం ముఖాలు ఒకదానికొకటి అతుక్కుపోయాక క్లౌడ్‌కి మార్చారు. మబ్బుల్లో పెట్టారటగా అని రికార్డులావిడ చేరిన కొత్తలో అడిగితే బాబాయ్ తల పట్టుకున్నాడు.

“మబ్బేంటమ్మా. ఎవరో కట్టించిన గట్టి ఇల్లు, అందులో మనం ఒక గది అద్దెకి తీసుకున్నాం. గోడలు వాళ్ళు చూసుకుంటారు. తాళాలు ఎవరెవరి చేతిలో పెట్టామన్నది మాత్రం మన తలనొప్పి.”

ఆ తలనొప్పి ఆమెకి ఇంకో రకంగా కూడా ఉంది. ఆ నాలుగు వేలల్లో ఆమె ముఖం కూడా ఉంది. ఆమె ఎడమ కన్ను పెద్దాయన చేసిందే. ఆమె ఎరిగినంతలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే: అమ్మ, భర్త, పెద్దాయన. తెలిసిన మరుక్షణం నుంచి జనం మనిషితో మాట్లాడటం మానేసి కన్నుతో మాట్లాడతారని ఆమెకి చిన్నప్పుడే అనుభవమైంది. అక్కడికి వచ్చేవాళ్ళందరిదీ ఇదే బాధ. కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పనివాళ్ళున్నారు. ఆ ఫొటోలు ఏ దుర్మార్గుడి చేతిలోనన్నా పడితే, ఇంటింటికీ ఒక్కో ముఖం పంపి బెదిరించి పీక్కు తినొచ్చు.

అందుకని బాబాయ్ పెట్టిన నియమాలకి అంతు లేదు. ఎవరి ముఖం తెరిచినా తెరిచినవాళ్ళ పేరు, రోజు, నిమిషం పట్టీకెక్కుతాయి. ముఖాలన్నీ ఒకేసారి బయటికి తీయాలంటే రెండు ఫోన్లలో సరే అని నొక్కాలి, ఒకటి రికార్డులావిడది, రెండోది బాబాయ్‌ది. ఉద్యోగం మానేసినవాళ్ళ లాగిన్ వాళ్ళు మెట్లు దిగేలోపే మూసేస్తాడు. పెద్దాయన పది రోజులు సెలవు మీద సముద్రం ఒడ్డుకి వెళితే ఆయన లాగిన్ కూడా మూసేశాడు. అక్కణ్ణుంచి ఆయన ఫోన్లో ఒంటికాలి మీద లేస్తే, “సెలవులో ఉన్న మనిషి పని చేస్తున్నాడంటే నాకు అనుమానం రాదటండీ” అని తాపీగా అడిగాడు.

ఇలా ఉండగా మూగ ఫోన్లు మొదలయ్యాయి. రోజూ పదకొండింటికి పెద్దాయనకి ఫోన్ వచ్చేది. ఎత్తితే అవతల మాటుండదు, ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు తప్ప. పెట్టేసి ఊరుకునే మనిషా ఆయన? ఎవడ్రా నువ్వు, నోరు పడిపోయిందా, పనీ పాటా లేదా, మీ ఇంట్లో నీకు గడ్డి పెట్టేవాళ్ళే లేరా అంటూ ఐదేసి నిమిషాలు వరసగా తలంటేవాడు. అవతలివాడు శ్రద్ధగా విని పెట్టేసేవాడు. బాబాయ్ మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, తిట్టొద్దండీ, అసలు మాట్లాడొద్దు, వాడికి కావలసింది మీ గొంతే అన్నాడు. పెద్దాయన చెవిన వేసుకోలేదు.

ఆ వారంలోనే పెద్దాయన వేరే ఊళ్ళో ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, ఒక పేషెంటు పాత ఫొటో పంపమన్నాడు. రికార్డులావిడ, బాబాయ్ నేర్పిన ప్రకారం, మీరు మీరేనా అని అడిగి, ఫోన్ పెట్టేసి, పుస్తకంలో ఉన్న నంబరుకి తను తిరిగి చేసింది. పెద్దాయన పెద్దాయనే. డాక్టర్లందరి ముందూ ఆయన పరువు మాత్రం పోయింది. మర్నాడు వస్తూనే అద్దాలు అదిరేలా అరిచాడు. “ఇంకోసారి నన్ను ఎవరని అడిగావా అమ్మాయ్, అదే నీకిక్కడ ఆఖరి రోజు.”

వెనక గదిలోంచి బాబాయ్ వచ్చి మధ్యలో నిలబడ్డాడు. “ఆమెనెందుకండీ అంటారు? అడగమన్నది నేను. తిట్లేమన్నా ఉంటే నా సీటుకి పంపించండి.” పెద్దాయన పంపించాడు. బాబాయ్ అన్నీ పుచ్చుకుని, తుడిచిన కళ్ళజోడే మళ్ళీ తుడుచుకుంటూ లోపలికి పోయాడు.

తర్వాత మూడో రోజు మధ్యాహ్నం. బయట ముసురు, లోపల మసక. పెద్దాయన భోజనానికి వెళ్ళాడు. బాబాయ్ వెనక గదిలో ఉన్నాడు. ఆయన ఫోన్ మాత్రం ఛార్జింగు కోసం రికార్డులావిడ బల్ల మీదుంది. వీధిలో ఏదో బండి పోయింది. కింది సొరుగు మెల్లగా తెరుచుకుంది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది.

“అమ్మాయ్, నేను.” పెద్దాయన గొంతే. మాటకి ముందు గొంతు సవరించుకునే ఆ సకిలింపు కూడా ఆయనదే. “నెమ్మదిగా విను. వెనకున్నాయనకి తెలియనివ్వకు. ఆయన మన ఫొటోలు బయట అమ్ముతున్నాడు.”

ఆమె వెనక గది వైపు చూసింది.

“రోజూ ఒక్కో ముఖం తీరిగ్గా తెరిచి చూస్తున్నాడు. అందరి ముఖాలూ చూశాడు. మొత్తం వేరే చోటికి మార్చేయాలి, ఇప్పుడే. నీ ఫోన్లో సరే నొక్కు. ఆయన ఫోన్ అందితే దాన్లోనూ నొక్కు.”

అందరి ముఖాలూ అనేసరికి ఆమెకి తన ముఖం కళ్ళ ముందు కదిలింది, కన్ను లేని ఫొటో. బాబాయ్ ఒక్కడూ ఆ వెనక గదిలో కూర్చుని దాన్ని పెద్దది చేసి చూస్తున్నట్టు అనిపించింది. అంత అనుమానం ఉన్న మనిషి చూడకుండా ఎందుకుంటాడు? నొక్కితే ఆయన చేతిలోంచి తన ముఖం బయటపడుతుంది. అడిగితే ఉద్యోగం పోతుంది. ఆమె వేలు బాబాయ్ ఫోన్ దాకా వెళ్ళింది.

అక్కడ ఆగింది. ఆ మనిషే మొన్న ఆమెకి పడాల్సిన తిట్లు తన సీటుకి పంపించుకున్నాడు. పోతే పోనీ వెధవ ఉద్యోగం అనుకుంది.

“సార్, మీరు మీరేనా?”

అవతల ఒక్క క్షణం ఏమీ లేదు, ఊపిరి తప్ప. తర్వాత మొదలయ్యాయి తిట్లు. ఎవత్తివే నువ్వు, నోరు పడిపోతుంది, పనీ పాటా లేదా, మీ ఇంట్లో నీకు గడ్డి పెట్టేవాళ్ళే లేరా...

తలుపు తోసుకుని, గొడుగులోంచి నీళ్ళు కారుతుండగా పెద్దాయన లోపలికొచ్చాడు. నోరు మూసుకునే ఉన్నాడు. ఆయన గొంతు మాత్రం ఆమె చెవిలో అరుస్తూనే ఉంది. ఆమె ఫోన్‌ని స్పీకర్లో పెట్టి బల్ల మీదుంచింది.

పెద్దాయన గొడుగు మడవడం కూడా మరిచిపోయి, తన తిట్లు తనే పూర్తిగా విన్నాడు. “ఇవన్నీ ఆ మూగ ఫోన్లలో నేను తిట్టినవే,” అన్నాడు చివరికి. “ఆ వరసలోనే.”

ఫోన్లో గొంతు చటుక్కున ఆగింది. తర్వాత ఎంతో ముద్దుగా, “సరే అమ్మాయ్, మళ్ళీ చేస్తాను,” అని పెట్టేసింది.

ఆమె పెద్దాయన వైపు తిరిగింది. ఎదురుగా ఉన్న మనిషిని చూసినా భయంగానే ఉంది. “మరి మీరు?” అంది.

“నేనే,” అన్నాడాయన. గొడుగు మడుస్తూ, “అనుకుంటున్నాను,” అన్నాడు.

చప్పుడుకి బయటికొచ్చిన బాబాయ్, మూగ ఫోన్లలో పట్టుకున్న గొంతునే కంప్యూటర్‌కి నేర్పి మాట్లాడించారన్నాడు. పెద్దాయన అనుకోవడంతో మాత్రం సరిపెట్టుకోలేదు. మొదట చేసిన కన్ను ఏ రంగు, ఎవరికి, అది ఎన్నిసార్లు చెడింది అని గుమ్మంలోనే నిలబెట్టి అడిగాడు. ఊరందరికీ తలంటే ఆ మనిషి తడిసిన బట్టలతో చేతులు కట్టుకుని అన్నిటికీ జవాబు చెప్పాడు. పైగా, రేపట్నుంచి తనని రోజూ అడగమని రికార్డులావిడతో తనే అన్నాడు.

ఆ సాయంత్రం తాళాలన్నీ మార్చారు. దొంగలు అంతకుముందే దూరారేమో చూడాలని, ఏ ముఖం ఎవరు తెరిచారో నాలుగేళ్ళ పట్టీ అచ్చు తీసి బాబాయ్ ఆమె ముందు పడేశాడు. ఆమె అందరికన్నా ముందు తన ఫొటోల నంబరు వెతుక్కుంది. పెద్దాయన పేరు నాలుగుసార్లు, తన పేరు రెండుసార్లు. ఇంకెవరిదీ లేదు. మిగతా పేజీలు కూడా తిరగేసింది. దొంగల జాడ ఎక్కడా లేదు. ఏ ముఖమైనా ఒక్క నొక్కుతో తెరిచి చూడగలిగిన అనుమానం బాబాయ్ నాలుగేళ్ళలో ఒక్కటంటే ఒక్క ముఖం తెరిచి చూడలేదు.

ఆమెకి సిగ్గేసింది, ఆయన మీద ఆపేక్ష కూడా పుట్టింది. కాగితాలు పట్టుకుని వెనక గదికి వెళ్ళి, “బాబాయ్, నా ఎడమ కన్ను సార్ చేసిందే,” అంది. భర్తకి చెప్పాక ఇంకొకరికి చెప్పడం అదే మొదలు.

బాబాయ్ తల తిప్పి ఆమెనే చూశాడు. “ఎడమదా?” అన్నాడు. “రుజువేంటి?”

“రుజువేంటేమిటి, నా కన్ను నాకు తెలీదా?”

“రెండేళ్ళ నుంచీ నా అనుమానం కుడిదాని మీదే. అందుకేగా, నీకు కనపడాలని ఎప్పుడూ ఎడమవైపు నుంచే వస్తున్నాను.”

దయ్యంలా చప్పుడు లేకుండా ఎడమవైపు నుంచి ఊడిపడి, రెండేళ్ళుగా ఈయన తనని ఎన్నిసార్లు హడలగొట్టాడో, తన మీద నిఘా వేశాడని మనసులో ఎంత తిట్టుకుందో ఆమెకి గుర్తొచ్చింది. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. అద్దాల గదిలోంచి పెద్దాయన, ఎవరది నవ్వుతున్నదని కేకేశాడు.

“ఆమేననుకుంటానండీ,” అన్నాడు బాబాయ్. “కనుక్కుని చెబుతా.”