రాళ్ల కట్ట మీద నా వెనక నడిచిన జనం

ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. ఫిల్మ్ నగర్ ఆఫీసుల్లో చెబితే నవ్వారు. కృష్ణానగర్ టీకొట్టు దగ్గర చెబితే, "నువ్వు స్పెయిన్ వెళ్లొచ్చావా?" అని దాని గురించే అడిగారు. అసలు విషయం ఒక్కడూ అడగలేదు. అందుకే రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పితమైనా ఈ జన్మలో నా పేరు తెర మీద పడకుండా పోవాలి. సినిమావాడు పెట్టుకోగల ఒట్టు ఇంతకంటే పెద్దది లేదు.

తొంభైల్లో సంగతి. మన పాటలు అప్పుడప్పుడే విదేశాలకు వెళ్తున్నాయి. నేను అసిస్టెంట్ డైరెక్టర్ని. హీరో వెనకాల నడిచే జనం బాధ్యత నాది. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి... అంతా నేనే చూడాలి. ఆ జనాన్ని మేం క్రౌడ్ అంటాం. ఇంకొక పని కూడా ఉండేది, అది ఎవరూ చెప్పకుండానే నాకు అంటగట్టారు. ఎవరు ఏ బరువు నా చేతిలో పెట్టినా పట్టుకోవడం. గొడుగు, చెప్పులు, హీరోగారి సగం కాలిన సిగరెట్... "కాస్త పట్టుకో భాస్కరం." అంతే.

స్పెయిన్‌లో వాయవ్య మూల గలీసియా అని ఒక ప్రాంతం. అక్కడ సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరికి తీసుకెళ్లారు. ఊరంతా చేపలే. పొద్దున రేవులో వేలంపాట, మధ్యాహ్నం రాగి గుండిగల్లో ఆక్టోపస్ ఉడుకుతున్న వాసన. బండరాళ్లకు అంటుకుని పెరిగే ఒక జీవిని గీకి తెచ్చి అమ్ముతారు, చూస్తే ఏనుగుపిల్ల కాలివేళ్లలా ఉంటుంది. నాది బందరు. చేప కళ్లు చూసి ఎప్పుడు పట్టారో చెప్పగలను. అలాంటివాణ్ని ఆ ఊళ్లో ఉప్మా తిని బతికాను.

ఆఖరి రోజు నిర్మాతగారు యూనిట్‌కి విందు ఇచ్చారు. పీతలు, ఆల్చిప్పలు, నిమ్మకాయ పిండిన రొయ్యలు. నేను కుర్చీ లాక్కుంటుంటే ప్రొడక్షన్ మేనేజర్ వీర్రాజు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏవయ్యా భాస్కరం, టేబుల్ నిండిపోయింది. నువ్వు బయట సామాను చూసుకో. పార్సిల్ పంపిస్తాగా."

పార్సిల్ రాలేదు. సన్నటి వానలో, అద్దం ఇవతల నిలబడి వాళ్లు తినడం చూశాను. ఆ రోజు ఎవరెవరు ఏం తిన్నారో ఇప్పటికీ చెప్పగలను.

తిని, పళ్లు కుట్టుకుంటూ వచ్చి వీర్రాజు అన్నాడు, "రాత్రికి ఒక్క షాట్ ఉంది. హీరో హీరోయిన్లు ఇవతల ఒడ్డున. అవతల రాళ్ల కట్ట మీద కొవ్వొత్తులు పట్టుకుని జనం వరసగా నడవాలి. లోకల్ ఏజెంట్ మనుషుల్ని పంపుతాడు. ఈ షాట్ సరిగ్గా చేయించావంటే వచ్చే పిక్చర్‌కి నువ్వే కో-డైరెక్టర్. నా మాట."

పన్నెండేళ్ల చాకిరీ తర్వాత వచ్చిన మాట అది. ఆకలి మర్చిపోయాను.

రేవులోకి అలలు రాకుండా సముద్రంలోకి పొడుగ్గా కట్టిన రాళ్ల కట్ట. దాని మీద నేను, ఒక చేతిలో వాకీటాకీ. చుట్టూ చీకటి. కింద ఆల్చిప్పల పెంకులు... కాలు కదిపితే కరకర. ఎదురుగా నీళ్ల అవతల మా లైట్లు, కెమెరా. ఏజెంట్ బండి రాలేదు. ఎదురుచూశాను. రాలేదు. కో-డైరెక్టర్ పదవి నా కళ్లముందే నీళ్లలో కరిగిపోతోంది.

అప్పుడు... ఊరి వైపు సందులోంచి చిన్న వెలుగు. దాని వెనక ఇంకోటి. ఇంకోటి.

ప్రాణం లేచొచ్చింది. కోపం కూడా వచ్చింది. "ఏంటయ్యా ఇంత లేటు? లైన్! లైన్!" అని అరిచాను. ఒక్కరూ నా వైపు చూడలేదు. సరే, నన్ను పట్టించుకోకపోవడం నాకు కొత్తా? ముసుగులు, తెల్లటి పొడవు బట్టలు. కాస్ట్యూమ్స్ బాగానే తెచ్చారనుకున్నాను.

దగ్గరికొచ్చారు.

గాలి నా చొక్కా ఎగరేస్తోంది... వాళ్ల కొవ్వొత్తుల మంట కదలడం లేదు.

నా కాళ్ల కింద పెంకులు కరకరమంటున్నాయి... వాళ్ల కాళ్ల కింద ఏ చప్పుడూ లేదు.

తప్పు. ఒక్కడి అడుగులు మాత్రం వినిపించాయి. అందరికంటే ముందున్నవాడు. వాడికి ముసుగు లేదు. మామూలు కోటు. బక్కచిక్కిన మనిషి, నిద్ర లేక లోపలికి పోయిన కళ్లు. రెండు చేతులతో ఒక గిన్నె పట్టుకున్నాడు. వాడొక్కడే నన్ను చూశాడు. స్టూడియో గేటు దగ్గర వేషం కోసం రోజుల తరబడి నిలబడేవాళ్లు చూస్తారే... ఆ చూపు.

గిన్నె నా వైపు చాపాడు.

వాకీటాకీ జేబులో పెట్టేశాను. చేతులు చాపాను. ఆలోచించలేదు. ఎవరేమిచ్చినా పట్టుకోవడం అలవాటైన చేతులు.

చల్లగా ఉంది. బరువు. లోపల నీళ్లు.

వాడు నన్ను ఒక్క క్షణం నమ్మలేనట్టు చూశాడు. తర్వాత పరుగు. ఏడుస్తున్నాడో, నవ్వుతున్నాడో... పెంకుల మీద దడదడా పరుగెత్తి ఊళ్లో కలిసిపోయాడు.

మిగిలినవాళ్లు ఆగిపోయారు. నా వెనక. కదలరు. నేను ముందు నడవాలని ఎదురుచూస్తున్నారని... ఎలాగో తెలిసింది.

జేబులో వాకీటాకీ గరగరలాడింది. "యాక్షన్!"

నడిచాను. షాట్ కదా. వెనక్కి చూడలేదు. చూసుంటే నడిచేవాణ్ని కాదు. మెడ వెనకనుంచి మైనం వాసన. నా అడుగుల చప్పుడొక్కటే. కట్ట చివర దగ్గరపడుతోంది... అవతల సముద్రం. ఆగాలని ఉంది. కాళ్లు ఆగడం లేదు. ఇంకా... ఇంకా...

"కట్!"

డైరెక్టర్ గొంతు కాదు. కెమెరామన్ శేషగిరి గారి గొంతు. మళ్లీ, "కట్... కట్... భాస్కరం, నీ వెనకాల..."

అక్కడ తెగిపోయింది.

గిన్నె రాళ్ల మీద పెట్టి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. మళ్లీ ముందుకు తిరిగితే గిన్నె లేదు.

పరుగెత్తుకుంటూ ఇవతలికి వచ్చేసరికి వ్యాన్లు వెళ్లిపోయాయి. నన్ను వదిలేసి! లైట్‌మన్ యాదగిరి ఒక్కడే వైర్లు చుడుతున్నాడు.

"ఏందన్నా, గట్ల రొప్పుతున్నవ్?"

"క్రౌడ్ ఎటు పోయారు?"

"క్రౌడ్ ఏడిదే? నువ్వొక్కడివే నడిచినవ్ గాడ. చేతులు గిట్ల ముంగట పెట్టుకొని... పూజ చేస్తున్నవా ఏంది?" నవ్వాడు. తర్వాత నా మొహం చూసి నవ్వడం ఆపాడు. "జర కూసో అన్నా. ఏం తిన్నవ్ పొద్దుగాల్నుంచి?"

"శేషగిరి గారేమన్నారు?"

"గాయన కెమెరాల చూస్తనే ఉండె. ఒక్కపారిగ కట్ కట్ అని ఒర్లిండు. మూత పెట్టేసిండు. లైట్ సాల్లేదన్నడు, పోయి వ్యాన్ల కూసున్నడు."

హీరోహీరోయిన్లు సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డారు. డైరెక్టర్ గారి కళ్లు ఎప్పుడూ హీరో మీదే. దూరాన్ని దగ్గర చేసే ఆ లెన్స్‌లోంచి చూసింది ఒక్క శేషగిరి గారే.

మర్నాడు పొద్దున హోటల్లో కాఫీ తాగి కప్పు ఇవ్వబోతే, అక్కడి ముసలావిడ రెండడుగులు వెనక్కి వేసింది. నా బూట్లకు అంటిన మైనపు చుక్కలు చూస్తోంది. కప్పు టేబుల్ మీద పెట్టమని సైగ చేసింది. నా చేతిలోంచి తీసుకోలేదు.

ఏజెంట్ వచ్చి, వానకు తన మనుషులు రాలేదని క్షమాపణ అడిగాడు. వీర్రాజు ఆ మాట పట్టుకున్నాడు. "జనం లేకుండా కట్ట మీద ఒక్కడే షికారు చేశాడండీ. ఆకలికి కళ్లు తిరిగుంటాయి." అందరూ నవ్వారు. ఆకలి సంగతి ఆయనకు బాగా తెలుసు మరి, పార్సిల్ పంపనివాడు ఆయనే కదా. కో-డైరెక్టర్ ఉద్యోగం ఆయన బామ్మర్దికి పోయింది.

హైదరాబాద్ వచ్చాక ఎడిటింగ్ రూంలో ఆ షాట్ కోసం అడిగాను. ఫిల్ము పాడైందని శేషగిరి గారే పట్టుకెళ్లారన్నారు. జూబ్లీ హిల్స్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. ఒకసారి కాదు. వాచ్‌మన్ "సాబ్ లేరు" అంటాడు. పై బాల్కనీలో ఆయన పైపు పొగ నాకు కనిపిస్తూనే ఉంటుంది.

కిందటి నెల ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా ముహూర్తం. నన్ను పిలవలేదు, నేనే వెళ్లాను. శేషగిరి గారు ఎదురుపడ్డారు. నమస్కారం పెట్టాను. ఆయన నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూశారు. ఎండ మండిపోతున్న వేళ. నా వెనక ఖాళీ రోడ్డు. ఆయన పెదాలు చిన్నగా కదిలాయి... చూపుడు వేలు కొంచెం కొంచెంగా ఆడింది.

క్రౌడ్ పని చేసినవాణ్ని. మనుషుల్ని లెక్కపెట్టే వేలు ఎలా ఆడుతుందో నాకు తెలుసు.

తెల్లబోయిన మొహంతో కారెక్కి వెళ్లిపోయారు.

అది దయ్యమో, ఆ ఊరివాళ్ల ఆచారమో, వీర్రాజు అన్నట్టు ఆకలో... నాకు తెలియదు. నన్ను నమ్మమని ఎవరినీ బతిమాలను. శేషగిరి గారూ, మీకు రాస్తున్నాను. ఆ రాత్రి లెన్స్‌లో ఏం చూశారు? మొన్న నా వెనకాల ఎవర్ని లెక్కపెట్టారు? వాచ్‌మన్‌తో కాదు... మీ నోటితో చెప్పండి.