నాకొకటి, ఒకటి జీరో

జనగామలో ఎక్కిన బస్సులో చోటు లేక నిలబడితే, కిటికీ పక్కనున్న పెద్దాయన జరిగి నాకు చోటిచ్చాడు. కండక్టర్ రాగానే ఆయన, “దేవరుప్పుల. నాకొకటి, ఒకటి జీరో” అంటూ జేబులోంచి ఒక ఆడమనిషి ఆధార్ కార్డు తీశాడు.

ఆడవాళ్లకిచ్చే ఆ ఉచిత జీరో టికెట్ నేను బస్సెక్కగానే తీసుకుని చేతిలో నలిపేశాను. కండక్టర్ అటూ ఇటూ చూసి, “అవ్వ ఏది బాపు?” అన్నాడు.

పెద్దాయన చెయ్యి అక్కడే ఆగింది. “లేదు బిడ్డా. ఎండకాలంల పోయింది. అలవాటైంది, ఒక్కటే కొట్టు.”

కార్డు జేబులో పెట్టుకుని నాతో అన్నాడు.

“జనగామల ఇంటి ఓనర్లు కిరాయి మీద నల్లా బిల్లు, ఇంటిపన్ను గూడ మమ్ములనే కట్టమన్నరు. బస్సు ఫ్రీ గదా, పొద్దున ఇద్దరం జనగామల పనికి పోయి మాపటికి వస్తమని మా ఇంటామెనే ఊళ్లె తక్కువ కిరాయికి ఇల్లు చూసింది. రోజు గిట్లనే ఇద్దరం కూసొని వచ్చేటోళ్లం. గిప్పుడు ఫ్రీ టికెట్ లేకుంట ఒక్కన్నే పోతున్న, ఆ ఇంటికి.”

దేవరుప్పులలో ఆయన దిగిపోయాడు.

ఇప్పటికీ జీరో టికెట్ చేతికొస్తే, నా ఊరొచ్చేదాకా నలపకుండా పట్టుకుంటాను.