అడవిపిల్లి మొదటి కాల్పు

నా చిన్నప్పుడు మా పెదనాన్న తూటాలు గీసేవాడు. యూ టీ పేటలో మా ఫ్లాట్ల బ్లాకు కింద సాయంత్రాలు కూర్చునే వాళ్లతో ఈ మాటంటే ముందు నవ్వుతారు, తర్వాత గొంతు తగ్గిస్తారు. సింగపూర్‌లో ఆ మాట పలికినా నేరమేనన్నట్టుంటుంది వాళ్ల వాలకం. అందుకే మొదటే చెబుతున్నాను, ఆయన దొంగచాటు పనులు చేసే మనిషి కాదు. లైసెన్సున్న ఒక షూటింగ్ క్లబ్బుకు రైఫిళ్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసేవాడు. కాల్చేసిన ఖాళీ తొడుగు కూడా ఆ గేటు దాటి బయటికి వచ్చేది కాదు. ఇంటికి వచ్చేవి గీతలే. చోవా చూ కాంగ్ వైపు ఇంకా ఫ్లాట్లు లేని రోజుల్లో, రేకుల కప్పు ఇంట్లో, అన్నాల బల్ల మీద కాగితం పరిచి ఆయన గీస్తుంటే నేను పెన్సిళ్లు చెక్కి ఇచ్చేదాన్ని.

ఆయన పట్టుదలంతా ఒక్క తూటా మీదే. బజారులో ఉన్న పెద్ద తూటా ఇత్తడి తొడుగు తీసుకుని, దాని మెడ నొక్కి సన్నం చేసి, అందులో చిన్న గుండు కూర్చాలి. వెనక మందు ఎక్కువ, ముందు బరువు తక్కువ. కాబట్టి గుండు మహా వేగంగా పోతుంది, దూరం వెళ్లినా పెద్దగా కిందికి జారదు. ఏ కంపెనీ అమ్మని ఇలాంటి సొంత తూటాను షూటర్లు వైల్డ్‌క్యాట్ అంటారు. పెదనాన్న దాన్ని అడవిపిల్లి అనేవాడు. "పాలు తాగే పిల్లిని పెంచుకోరా, మందు తాగే పిల్లి ఎందుకురా నీకు?" అని మా నాయనమ్మ దెప్పేది.

పెదనాన్నకు దేవుడి మీద నమ్మకం లేదు. దిష్టి తీసేవాళ్లతో, జాతకాలు చూసేవాళ్లతో ఆయన వాదనకు దిగితే అవతలివాళ్లు టీ తాగకుండానే లేచిపోయేవారు. నాకు వాదన అబ్బింది ఆయన దగ్గరే. అయినా వర్క్‌షాపులో ఏటా జరిగే ఆయుధపూజకు మాత్రం అడ్డు చెప్పేవాడు కాదు. తోటి పనివాళ్లు చాలామంది తమిళులు. ఆ రోజు లేత్ మెషీన్లకు బొట్లు పెట్టి, అందరూ కూర్చుని శనగల సుండల్, అంటే మన గుగ్గిళ్లు, తినేవారు. యంత్రానికీ మనిషికీ ఏ పేరుతోనైనా ఒకరోజు సెలవు దొరికితే మంచిదే కదా అనేవాడు పెదనాన్న.

ఒక ఏడు అడవిపిల్లి మొదటి కాల్పు సరిగ్గా ఆ పూజ రోజునే పడింది. అది ముహూర్తం చూసి పెట్టింది కాదు. క్లబ్బు ప్రెసిడెంటు చాలాకాలం ఉండిపోయేలా పరదేశం వెళ్తున్నాడు, ఆయనకు ఖాళీ ఉన్నది ఆ ఒక్క ఆదివారమే. పెదనాన్న ఒక పాత రైఫిలుకు సన్నని గొట్టం బిగించి పెట్టాడు, దాంతో కాల్చి చూపిస్తే, నచ్చితే, అడవిపిల్లి కోసం కొత్త రైఫిలు చేయించడానికి ఒప్పుకుంటానన్నాడు. లేదంటే గీసిన కాగితాలు చుట్టి పైన పెట్టుకోవాల్సిందే. కాల్చాల్సినవాడు మా బాబాయి, అంటే పెదనాన్న తమ్ముడు. క్లబ్బులో అతనంత గురి ఎవరికీ లేదు.

పెదనాన్న ముందు అనుకున్న పద్ధతి వేరు. కొత్త తూటాను మొదటిసారి మనిషి భుజం మీంచి కాల్చకూడదు. రైఫిలును కర్ర దిమ్మకు బిగించి, ఇసుక బస్తాల వెనక నిలబడి, తాడు కట్టి ట్రిగ్గరు లాగాలి. బాబాయి ఒప్పుకోలేదు. "తాడు కట్టి లాగితే దాన్ని తుపాకీ అనరన్నయ్యా, మేక అంటారు" అన్నాడు. ప్రెసిడెంటుకు గురి చూపించాలి, గురి భుజానికే తెలుస్తుంది అన్నాడు. చివరికి పెదనాన్న సరేనన్నాడు. అంత నమ్మకం ఆయనకు తన లెక్క మీద.

పొద్దున్నే వర్క్‌షాపులో ఆయన రైఫిలు వెనక గడియలా మూసే బోల్టు తీసి, గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, బాగుందని చాప మీద పెట్టాడు. తర్వాత పూజ, దానికి మా ఇంటిల్లిపాదీ వెళ్లాం. నాయనమ్మ తన చేత్తో గొట్టానికి గంధం పూసింది, బొట్లు పెట్టింది, బంతిపూల దండ చుట్టింది. మేమంతా సుండల్ తింటుండగా ప్రెసిడెంటు కారు వచ్చింది. బాబాయి ఆకు వదిలి లేచి, చెయ్యి కడుక్కుని, దండ లాగి పక్కన పడేసి, రైఫిలు ఎత్తుకుని వెనకనున్న కాల్పుల మైదానానికి నడిచాడు. ప్రెసిడెంటు గడియారం చూసుకుంటూ, "కెన్ స్టార్ట్ ఆర్ నాట్?" అన్నాడు.

పెదనాన్న బోల్టు మళ్లీ తియ్యమన్నాడు.

"పొద్దున చూశావు కదన్నయ్యా! ఆయన వెళ్లిపోతాడు" అని బాబాయి విసుక్కున్నాడు.

"పొద్దున చూసింది పొద్దుటి గొట్టం" అన్నాడు పెదనాన్న.

ఆయన బోల్టు తీసి, గొట్టాన్ని ఆకాశం వైపు పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. నన్ను దగ్గరకు పిలిచి, "ఏం కనబడుతోందో చెప్పు" అన్నాడు. తను చూసింది నాకు ముందే చెప్పేస్తే నేనూ అదే చూస్తానని ఆయనకు తెలుసు. నేను కన్ను ఆనించాను. గుండ్రంగా వెలుతురు కనబడాల్సిన చోట ఏమీ లేదు.

"చీకటి" అన్నాను.

ప్రెసిడెంటు మళ్లీ అడిగాడు, మొదలుపెట్టొచ్చా లేదా అని. "నాట్" అన్నాడు పెదనాన్న.

శుభ్రం చేసే ఇనపపుల్ల వెనకనుంచి దూర్చి తోస్తే, గొట్టం మూతిలోంచి గంధం ముద్దతో కలిసి బంతిపువ్వు కాడ బయటపడింది. పెద్ద గొట్టమైతే ఆ కాడ దానంతటదే జారిపోయేది. ఇది సన్నని గొట్టం కాబట్టి బిరడాలా బిగిసింది. బాబాయి దండ లాగినప్పుడు మూతిలో గుచ్చి ఉన్న పువ్వు దాంతోపాటు తెగి వచ్చింది, కాడ లోపలే ఉండిపోయింది. అంత వేగంతో వచ్చే గుండుకు దారిలో అది అడ్డు తగిలితే గొట్టమే పగిలిపోతుంది. దాని పక్కన ఆనించి ఉండేది మా బాబాయి చెంప.

అందరం నాయనమ్మ వైపు చూశాం. పెదనాన్న ఎంత మాటంటాడోనని నేనైతే ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అనాలనే కోరుకున్నాను. ఇంతకన్నా గట్టి రుజువు ఇంకేం కావాలి!

ఆయన మాత్రం మెల్లగా అడిగాడు. "ఎందుకు పెట్టావమ్మా ఇది?"

"చిన్నోడి మొహం పక్కనే పేలతాది కదరా. సల్లగా ఉంటాదని పెట్టాను" అంది నాయనమ్మ.

పెదనాన్న ఆ కాడను అరచేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "నువ్వు పువ్వును నమ్మి పెట్టావు. నేను కాగితాన్ని నమ్మి వాడి మొహమే పెట్టాను" అని, లోపలికి వెళ్లి కర్ర దిమ్మ మోసుకొచ్చాడు. ఈసారి బాబాయి మేక మాట ఎత్తలేదు. తాడు తనే ముడి వేశాడు. గొట్టం తుడిచి, మళ్లీ వెలుతురు చూసి, తూటా పెట్టి, అందరం ఇసుక బస్తాల వెనకకు చేరాం.

చప్పుడు అందరూ అనుకున్న చోటునుంచి రాలేదు. గుండు ముందుకు పోయింది గానీ, వెనకనుంచి కూడా పొగ బుస్సుమని చిమ్మింది. పొగ విడిపోయాక వెళ్లి చూస్తే ఇత్తడి తొడుగు అడుగు చీలిపోయి ఉంది. చెంప ఆనే చోట చెక్క నెర్రె విచ్చింది. గొట్టంలో పువ్వూ లేదు, గంధమూ లేదు. తప్పంతా పెదనాన్న లెక్కదే. మందు ఒత్తిడి ఆయన లెక్కకట్టిన దానికన్నా చాలా ఎక్కువైంది.

ఆయన నేరుగా ప్రెసిడెంటు దగ్గరకు వెళ్లి, లెక్క తనదేనని, తప్పు కూడా తనదేనని అందరికీ వినబడేలా ఇంగ్లీషులో చెప్పాడు. పూజ వల్ల పాడైందనో, ఇత్తడి నాసిరకమనో అంటే నమ్మడానికి ప్రెసిడెంటు సిద్ధంగానే ఉన్నాడు. "వేస్ట్ లా" అని, అంతా దండగన్నట్టు చెయ్యి ఊపి ప్రెసిడెంటు కారెక్కాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ ఊరుకోలేదు. "దేవుడే చూపించాడురా ఆ కాడని" అంది.

"మరి రెండోది కూడా ఆయనే చూపించాడా? నా లెక్క తప్పని చెప్పడానికి ఆయనకు తాడెందుకు?" అన్నాడు పెదనాన్న.

"నీ లెక్క తప్పని చెప్పడానికి దేవుడెందుకురా, నేను సాలనా?"

బాబాయి నవ్వు ఆపుకోలేక అన్నం పొలమారి దగ్గాడు. పెదనాన్న కూడా నవ్వాడు. చెయ్యి కడుక్కుని, బల్ల తుడిచి, కొత్త కాగితం పరిచాడు. నేను పెన్సిలు చెక్కి ఇచ్చాను.

క్లబ్బు ఆ తర్వాత పట్టించుకోలేదు. ఆయన వదల్లేదు. సెలవు దొరికినప్పుడల్లా అనుమతి తీసుకుని, పాత రైఫిలుకే మరమ్మతు చేసి, మందు తగ్గించి, మెడ వాలు మార్చి, ప్రతిసారీ తాడుతోనే కాల్చేవాడు. తొడుగులు చెక్కుచెదరకుండా బయటికి వస్తున్నాయని తన కళ్లకు నమ్మకం కుదిరాకే తమ్ముడి భుజానికి అందించాడు. గాలిలేని పూట అడవిపిల్లి అద్భుతంగా కొట్టేది. గాలి వీస్తే ఆ తేలిక గుండు పక్కకు కొట్టుకుపోయేది. రెండో సంగతి కూడా ఎవరూ అడగకుండానే ఆయనే చెప్పేవాడు.

తర్వాతి కాలంలో నేను సభల్లో చాలా మాట్లాడాను, చాలా రాశాను. తాయెత్తులు కట్టేవాళ్లనూ, వాస్తు పేరుతో మంచి గోడలు పడగొట్టించేవాళ్లనూ రుజువు చూపించమని నిలదీశాను. ఇప్పటికీ నిలదీస్తాను. అందులో రాజీ లేదు. కానీ హేతువాదినన్న బిరుదు తగిలించుకుని తన మాటను మాత్రం ఎవరూ పరీక్షించకూడదనుకునే మనిషి కనిపిస్తే, పువ్వు పెట్టిన మా నాయనమ్మే నయమనిపిస్తుంది. అవతలివాడి నమ్మకంలో చీకటి చూడడం పెద్ద కష్టం కాదు. మనం ముచ్చటపడి గీసుకున్న గీత తప్పని నలుగురి ముందూ అనడానికే గుండె కావాలి. ఆ గుండె ఎలా ఉంటుందో ఆ ఆదివారం నేను కళ్లారా చూశాను.

మా బాబాయి పండు ముసలితనం దాకా రెండు కళ్లతోనూ పేపరు చదివాడు. నా వ్యాసాలు మరీ పట్టి పట్టి చదివి, తప్పు దొరికితే తెల్లారేసరికి ఫోన్ చేసేవాడు. ఒప్పుకోవడానికి నాకెప్పుడూ ఎక్కువసేపు పట్టలేదు.