ఉసిరి చెట్టు చుట్టూ ముగ్గు

నా చిన్నప్పుడు మా లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కార్తీకం వచ్చిందంటే అటకల మీది పెద్ద గిన్నెలన్నీ కిందికి దిగేవి. ఒక ఆదివారం చూసుకొని వీధి వీధంతా వనభోజనాలకు బయలుదేరేది. బియ్యం, పప్పు, వంకాయలు, విస్తరాకుల కట్టలు, చంకల్లో పిల్లలు, అన్నీ ప్యాసింజర్ బండిలోకి ఎక్కేవి. ఊరు దాటాక ఒక చిన్న స్టేషన్‌లో దిగి కంకర బాట వెంట నడిస్తే సర్కారు అడవి వచ్చేది. అడవి అంటే ఆకాశాన్ని కప్పేసే మానులు కావు. రాతి గుండ్ల మధ్య బలుసు పొదలు, మోదుగలు, సీతాఫలం చెట్లు, ఎండాకాలంలో ఇసుక మాత్రమే మిగిలే ఒక వాగు. ఆ వాగు ఒడ్డున ఒకే ఒక పెద్ద ఉసిరి చెట్టు.

కార్తీకంలో ఉసిరి చెట్టు నీడన వండుకొని తింటే పుణ్యమని మా వాళ్ల నమ్మకం. చెట్టేమో ఒకటి, ఇళ్లేమో వీధికి సరిపడా. ఎవరూ పుణ్యం వదులుకోరు కాబట్టి పొయ్యిలన్నీ ఆ చెట్టు కిందే వెలిగేవి. చెట్టు మొదట్లో దీపాలు, దాని వేర్ల మీద ఒలికిన నూనె, గంజి వార్పులు, పిల్లల చేతుల్లో విరిగిన కొమ్మలు. తిన్నాక అందరూ చెట్టుకు దండం పెట్టుకొని బండెక్కేవాళ్లు. చెట్టును అంతగా ప్రేమించేవాళ్లు. ఆ ప్రేమకే దాని ఒక వైపు మాడి ఎండిపోయింది. ఎండిన కొమ్మలు పొయ్యిలోకి బాగా పనికొస్తాయని మేమే సంతోషించాం.

ఇది మొదట చూసింది మా మేనత్త. ఆమె పిల్లలకు చదువు చెప్పే టీచరు, మాతోనే ఉండేది. చెట్టు ఇంకో రెండు మూడు కార్తీకాలు కూడా తట్టుకోలేదని ఆమె భయం. ఒక ఏడు వనభోజనాల దగ్గరే లేచి నిలబడి, పొయ్యిలు అవతలికి తీయమని అందరికీ గట్టిగానే చెప్పింది. ఆ మాట బెడిసికొట్టింది. మా వీధికి పెద్ద ఒక రిటైరైన ఇంజన్ డ్రైవరు. మేమంతా డ్రైవర్ తాత అనేవాళ్లం. ఆయన విస్తరి ముందు నుంచి తలెత్తి, "బడిలనే గాక అడవిల సుత పాఠాలేనా టీచరమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక్క పొయ్యి కదల్లేదు. తిరుగు బండిలో మా మేనత్త కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఆమె తరఫున నేను కోపంతో ఊగిపోయాను. డ్రైవర్ తాత మనవడితో కొన్నాళ్లు మాట్లాడడం కూడా మానేశాను.

మరుసటి ఏడు ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదు. వనభోజనాల రోజు మమ్మల్ని కొంతమంది పిల్లల్ని చీకటితోనే లేపి, అందరికంటే ముందు వెళ్లే బండి ఎక్కించింది. చేతిలో ఒక రేకు డబ్బా, అందులో బియ్యప్పిండి. అడవికి చేరాక చెట్టు కింది పాత బూడిద ఎత్తిపోయించింది. రాళ్లు ఏరించింది. వాగులో నుంచి చెంబులతో నీళ్లు తెచ్చి నేలంతా చల్లించింది. తర్వాత కొంగు నడుముకు దోపుకొని, కొమ్మలు ఎంతవరకు చాచుకున్నాయో అంతవరకు, చెట్టు చుట్టూ ముగ్గు వేయడం మొదలుపెట్టింది.

అంత పెద్ద ముగ్గు నేను ఏ పండక్కీ చూడలేదు. మెలికలు తిరిగిన గీతలు గుండ్ల మీదికి ఎక్కి దిగాయి. ఆడపిల్లలు లోపల పూలు, దీపాలు దిద్దారు. మగపిల్లల్ని కూడా ఆమె వదల్లేదు, బయటి గీత మాకిచ్చింది. నా గీత వాగు కంటే ఎక్కువ వంకర్లు పోయింది. నాతో వచ్చిన ఒకడు, "వీనికి గాజులు తొడగున్రి," అంటే వాడి మీదికి పోబోయాను. మా మేనత్త నా చెయ్యి పట్టుకొని ఆ వంకరలోనే ఒక తీగ దిద్దింది. చివరకు పసుపు, కుంకుమ చల్లి పక్కకొచ్చి నిలబడింది.

రెండో బండి జనం వచ్చారు. ముందు డ్రైవర్ తాత, రెండు చేతుల్లో పొయ్యి రాళ్లు. ముగ్గు అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. వెనక వస్తున్న ఆడవాళ్లు కూడా ఆగారు. ఆయన ఒక్క అడుగు లోపల వేస్తే మిగతా అందరూ వేస్తారు. ఇక ఆ చెట్టు పని అయిపోయినట్టే.

"ముగ్గెవరేసిన్రు?" అన్నాడు.

"పిల్లలేసిన్రు కాకా," అంది మా మేనత్త.

ఆయన నా వంకర గీతను కాసేపు చూశాడు. చెట్టు ఎండిన వైపు చూశాడు. మా మేనత్త ముఖం చూశాడు. ఆమె విస్తరాకులు తుడుచుకుంటూ ఉంది. అప్పుడు వెనక్కి తిరిగి, "ఏందమ్మా గట్ల నిలబడ్డరు? పొయ్యిలు జెర అవతల, వాగులకు పెట్టున్రి. ముగ్గు తొక్కుతరా ఏంది?" అని అందరినీ తనే గదిమాడు.

పొయ్యిలన్నీ వాగులో నీళ్లు లేని ఇసుక మీదికి వెళ్లాయి. దీపాలు ముగ్గు బయట గుండ్ల మీద వెలిగాయి. అయినా ఒక ముసలమ్మ సణిగింది, ఉసిరి నీడ లేకుండా ఎండలో తింటే వనభోజనం ఎట్లవుతదని. వంటలయ్యేసరికి పొద్దు వాలింది. చెట్టు నీడ మెల్లగా జరిగి ముగ్గు దాటి బయటికొచ్చింది. మా మేనత్త ఆ నీడలోనే మొదటి విస్తరి పరిచి ముసలమ్మను కూర్చోబెట్టింది. ఆ పక్కన ఇంకొకరు, ఆ పక్కన ఇంకొకరు. నీడ ఎంత పొడుగు సాగితే బంతి అంత పొడుగు సాగింది.

అందరూ తింటుండగా ఒక చిన్న పిల్లవాడు ఆడుకునే బంతి కోసం పరుగెత్తి ముగ్గును తొక్కాడు. నేను లేచి వాడి చెవి మెలిపెట్టి, పక్కనున్న వాళ్లమ్మను కూడా ఏదో అనేశాను. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా మేనత్త నన్ను కోప్పడలేదు. పిల్లవాడి చేతిలో పిండి పోసి, చెరిగిన చోట వాడితోనే గీయించింది. ఆ తర్వాత వాడు సాయంత్రం దాకా ఆ గీత దగ్గరే కాపలా కూర్చున్నాడు, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా.

తిరుగు బండిలో ఆమెను అడిగాను, పోయినేడు నవ్వినోళ్లకు ఈసారి గట్టిగా ఎందుకు చెప్పలేదని.

"వాళ్లకు తెల్వనిదైతే చెప్పాలె గదరా. ముగ్గు తొక్కొద్దని వాళ్లకే తెలుసు. నేను గుర్తు చేసిన, అంతే," అంది.

ఆ పై ఏడు నుంచి పిండి డబ్బా డ్రైవర్ తాత ఇంటి నుంచే వచ్చేది. రాలిన ఉసిరికాయల గింజలు ఏరుకొని, తొలకరికి మేమంతా మా మేనత్త వెంట ఆదివారాలు వెళ్లి పొదల చాటున నాటేవాళ్లం. కొన్ని మొలిచాయి, చాలావరకు మేకలు తిన్నాయి. చెట్టు మాడిన వైపు మాత్రం ఒక వానాకాలం ఎర్రటి చిగురు వేసింది.

ఆ రోజు నేను చూసింది ముగ్గును. చూడాల్సింది ఇంకొకటి ఉందని తెలుసుకోవడానికి ఇంత వయసు పట్టింది. ఉద్యోగంలో నా కింద పనిచేసినవాళ్ల మీద అరిచే పని చేయించుకున్నాను. ఇంట్లో కూడా అంతే. నేను చెప్పేది సరైనదైతే ఎట్లా చెప్పినా పర్వాలేదనుకున్నాను. రిటైరై మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డాక, అదే అడవిని బాగుచేసే గుంపులో చేరాను. ఆదివారాలు ప్లాస్టిక్ ఏరుతాం, వాన నీళ్లకు గుంతలు తీస్తాం, ఎండాకాలం మొక్కలకు క్యాన్లతో నీళ్లు మోస్తాం. పాత ఉసిరి ఎప్పుడో గాలివానకు పడిపోయింది. కానీ ఆ చుట్టుపక్కల ఇంకొన్ని ఉసిరి చెట్లున్నాయి. అవి మేం నాటిన గింజలవేనని నేను అనుకుంటాను. కాదని చెప్పగలిగేవాళ్లు లేరు.

పోయిన కార్తీకంలో ఒక కుటుంబం వాటిలో ఒక చెట్టు మొదట్లో ఇటుకలు పెట్టి పొయ్యి వెలిగించింది. ఇప్పుడు అడవికి పెట్టిన గేటు దగ్గర వంటకు వేరే చోటుందని చెప్పి ఉంటే సరిపోయేది. నేను చెప్పలేదు, అరిచాను. వాళ్లలో నా వయసు ఆవిడ ఒకరు, సగం ఉడికిన అన్నం గిన్నెను చీర కొంగుతో పట్టుకొని లేచింది. అందరూ వెళ్లిపోయారు. మా గుంపులో కాలేజీ చదివే అమ్మాయి మంట మీద నీళ్లు పోస్తూ, "అంకుల్, వాళ్లు మళ్ల ఇటు రారు. గిట్ల అందర్నీ ఎల్లగొడితే ఎండాకాలం మనతోని నీళ్లు మోసేటోళ్లెవరు?" అంది. నాకు చిన్నప్పుడు ముద్ద చేతిలోనే పట్టుకొని నన్ను చూసిన ఆ తల్లి గుర్తొచ్చింది.

ఈ ఏడు తెల్లవారగానే వెళ్లి ప్రతి ఉసిరి చెట్టు చుట్టూ ముగ్గు వేయడం మొదలుపెట్టాను. మోకాళ్లు సహకరించవు, గీత ఇప్పటికీ వంకరే. వనభోజనానికి వచ్చిన ఒక కోడలు పిల్ల కాసేపు నన్ను చూసి నవ్వి, "ఇటియ్యండి తాతా," అని డబ్బా అందుకుంది. ఆమె వెనకే వాళ్ల పిల్లలు కూడా వచ్చారు. ఆ రోజు పొయ్యిలన్నీ గేటు దగ్గరే వెలిగాయి. వెళ్లేటప్పుడు ఆ పిల్లలు, ఎండాకాలంలో ఏ ఆదివారం రావాలని నన్ను అడిగారు.

పోయినేడు వెళ్లగొట్టిన ఆవిడ మాత్రం రాలేదు. ఆదివారం సంచిలో గడ్డపలుగు పక్కన బియ్యప్పిండి డబ్బా ఒకటి ఎప్పుడూ పెట్టుకుంటాను. గేటు దగ్గర గిన్నెలు దించే చప్పుడైతే, చేతిలో పని ఆపి ఆమె వచ్చిందేమోనని చూస్తాను.