ముప్పై ఏడో నంబరు

ఆ కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చినవాడు గంట తాతయ్య. రేపల్లెలో మా వీధి చివరనున్న ఎయిడెడ్ బడిలో, వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కను ఇనుప కడ్డీతో మోగించడం ఆయన ఉద్యోగం కనుక ఆ పేరు. ఎనభైల మొదట్లోని మాట. ఆ రోజుల్లో పక్కింటివాళ్ళు మనల్ని ఏది అడిగినా ఇచ్చేవాళ్ళం. నిచ్చెన, పెట్రోమాక్సు దీపం, కరివేపాకు, పెళ్ళిచూపులకు కుర్చీలు. కానీ పిల్లల్ని కూడా అరువడుగుతారని నాకు ఆ రోజే తెలిసింది. తాతయ్య అరుగు మీద కూర్చుని, మా నాయనమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "పై మంగళవారం ఇన్‌స్పెక్టరుగారు వస్తన్నారంటండి అమ్మగారూ. పదకొండు తలలు తక్కువున్నాయి. మీ మనవరాలిని ఒక్క పూటకి అడిగి రమ్మన్నారండి పెద్ద మాస్టారు" అన్నాడు. నిచ్చెన అడిగినంత మామూలుగా.

సంగతేమిటంటే, ఎయిడెడ్ బడికి గోడలు, బెంచీలు కమిటీవాళ్ళవి, టీచర్ల జీతాలు గవర్నమెంటువి. గవర్నమెంటు ఊరికే ఇవ్వదు. ఇంతమంది పిల్లలుంటే ఇన్ని పోస్టులని దానికొక లెక్క. ఇన్‌స్పెక్టరు వచ్చి తలలు లెక్కపెట్టినప్పుడు తక్కువ పడితే చివరి పోస్టు ఎగిరిపోతుంది. పాపం, మా వీధి బడి రిజిస్టరులో దొంగపేర్లేమీ లేవు. అందరూ నిజం పిల్లలే. కాకపోతే అది మినుము తీత కాలం. కూలికి వెళ్ళే అమ్మానాన్నలు పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని చేలకు పోయారు. పేర్లు బడిలో, తలలు పొలంలో. ఇలాంటప్పుడు బడులు ఒకదాన్నుంచి ఒకటి పిల్లల్ని బదులు తెచ్చుకోవడం మామూలే. (తనిఖీల వారంలో మూడు బడుల్లో చదివిన మహానుభావుడొకడు మా వీధిలోనే ఉండేవాడు.) ఎగిరిపోయే ఆ చివరి పోస్టులో ఉన్నది నాలుగో టీచరమ్మ. బాపట్ల నుంచి వచ్చి, స్టేషను దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, ముసలి తల్లిని దగ్గరపెట్టుకుని ఉండేవారు. ఆవిడ జీతం ఆగితే ఆ రెండు ప్రాణాలకూ గడవదని వీధందరికీ తెలుసు.

నేను బడికెందుకు వెళ్ళలేదో చెప్పాలి. నాకు ఉబ్బసం. సుద్దముక్క పొడి ముక్కుకు తగిలితే చాలు, కొలిమితిత్తిలా ఎగపోసేదాన్ని. అందుకని మా నాయనమ్మే నాకు పంతులమ్మ. పొద్దున ప్రార్థన, తర్వాత పలక, మధ్యాహ్నం బియ్యపు డబ్బా ముందు లెక్కలు. గిద్ద, సోల, తవ్వ, మానిక కొలపాత్రలు చేతికి తగిలితేగాని లెక్క బుర్రకెక్కదని ఆవిడ నమ్మకం. ఆ చదువుకు నేనిప్పటికీ రోజూ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. అప్పుడు మాత్రం చెప్పుకోలేదు. అప్పుడు నాకున్నదల్లా మా పెద్దనాన్న కూతురు బుల్లక్క మీద అసూయ.

పక్క వాటాలోనే ఉండేది బుల్లక్క. నాలుగో తరగతి. గవర్నమెంటు ముద్ర వేసిన పుస్తకాలు, రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు, జామెట్రీ పెట్టె లేకపోయినా ఉన్నట్టు నడక. ఆమె పుస్తకాలకు అట్టలు వేస్తుంటే నాకు అన్నం సహించేది కాదు. ఆమెకు జ్వరమొస్తే సెలవుచీటీ రాయాలి, నాకు జ్వరమొస్తే ఎవరికి రాస్తాం? చివరికి ఎక్కాలు రాక అరచేతి మీద బెత్తం దెబ్బ తిని వచ్చి, ఆ వాత చూపించినా అసూయే. మా ఇంట్లో నన్ను కొట్టేవాళ్ళు కూడా లేరు. ఎక్కాల్లో నేనే నయమని ఒకసారి అన్నాను.

"నువ్వు రిజిస్టర్లో లేవుగా" అంది బుల్లక్క, రిబ్బను ముడి సర్దుకుంటూ. "రిజిస్టర్లో లేనోళ్ళకి చదువొచ్చినా రానట్టేనంట."

"ఎవరన్నారు?"

"గవర్నమెంటు."

దాని మీద ఎవరికి చెప్పుకోవాలో తెలియక పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. బుల్లక్క తలకు గవర్నమెంటు లెక్కగట్టి జీతాలిస్తుంటే నా తల ఊరికే నూనె తాగుతోందన్నమాట. అందుకే గంట తాతయ్య మాట వినగానే సంతోషంతో నా గుండె ఆగినంత పనైంది. మా నాయనమ్మ ఒప్పుకోలేదు. "అది అబద్ధం కాదంటయ్యా? దేవుడు చూడ్డా?" అంది. సాయంత్రం పెద్ద మాస్టారే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "పాప ఏం మాట్లాడక్కర్లేదండి. బెంచీ మీద కూర్చుంటే చాలు. ఆ టీచరమ్మ సంగతి మీకు తెలియంది కాదు గదా" అన్నారు. నాయనమ్మ టీచరమ్మ ముసలి తల్లిని తలచుకుని ఒప్పుకుంది. ఆ రాత్రి నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థించింది. "తండ్రీ, నేను ఈ పిల్ల తల మాత్రమే పంపుతున్నాను. నోరు పంపడం లేదు. నువ్వే కాయాలి." నాతో మాత్రం, "ఎవరి పేరూ నీదని చెప్పమాక. అడిగితే నిజం చెప్పు. అడక్కపోతే మెదలకుండా కూర్చో" అంది.

మంగళవారం బుల్లక్క పాత గౌను నాకు తొడిగారు. బడి గుమ్మంలో గంట తాతయ్య అరువు పిల్లలందరికీ తలకో పప్పుండ పంచాడు. పెద్ద మాస్టారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, "చెయ్యి ఎత్తొద్దు. ఏదన్నా అడిగితే లేచి నిలబడి తల వంచుకోండి, సిగ్గనుకుంటారు" అని చెప్పారు. నన్ను నాలుగో తరగతిలో, బుల్లక్క పక్కనే కూర్చోబెట్టారు. నాలుగో టీచరమ్మ నా దగ్గరకొచ్చి, నా ఉబ్బసం సంగతి ఎవరు చెప్పారో ఏమో, నల్లబల్లను తడిగుడ్డతో తుడిచి, "ఇవాళ సుద్దముక్క వాడన్లే. నువ్వు ముప్పై ఏడో నంబరు. సరేనా తల్లీ?" అన్నారు. అంత మెత్తగా నన్ను ఎవరూ నంబరు పెట్టి పిలవలేదు. (అసలు ఎవరూ నంబరు పెట్టే పిలవలేదు.) నంబరు పేరు కాదు గదా, నాయనమ్మ మాట తప్పినట్టు కాదని నేనే తీర్పు చెప్పుకుని, హాజరు పిలిచినప్పుడు బడి అదిరేలా "హాజరండీ" అన్నాను. బుల్లక్క చెవి మూసుకుంది.

తెనాలి ప్యాసింజరు దిగి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చంకలో గొడుగుతో. తలలు లెక్కపెట్టారు. సరిపోయాయి. టీచరమ్మ ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆయన అక్కడితో వెళ్ళిపోతే ఈ కథే లేదు. గొడుగు బల్ల మీద పెట్టి, "ఒకామె రోజుకి ముప్పావు లీటరు పాలు పోయించుకుంటుంది. ఎనిమిది రోజులకి ఎన్ని లీటర్లు?" అని అడిగారు. బుల్లక్క లేచి, ఎర్ర రిబ్బన్లు ఊపుకుంటూ, "ఎనిమిదండి" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇక నా చెయ్యి నా మాట వినలేదు.

"ఆరండి" అన్నాను లేచి. "మానికకి నాలుగు సోలలు గదండి. ముప్పావంటే మూడు సోలలనుకుంటే, ఎనిమిది రోజులకి ఇరవై నాలుగు సోలలు. ఆరు మానికలు. లీటర్లయినా అంతే గదండి. నీళ్ళు కలపకపోతే."

ఇన్‌స్పెక్టరుగారు గట్టిగా నవ్వారు. పాఠం చదవమన్నారు, చదివాను. ఏడో ఎక్కం వెనకనుంచి చెప్పమన్నారు, చెప్పాను. పెద్ద మాస్టారు గుమ్మంలో నిలబడి కళ్ళతో నన్ను కూర్చోమంటున్నారు. నేను ఆయన వైపు చూడటం మానేశాను. పక్కన బుల్లక్క ముఖం వాడిపోవడం చూస్తుంటే (దేవుడు నన్ను క్షమించుగాక) పప్పుండకన్నా తియ్యగా ఉంది. "ఈ పిల్లని స్కాలర్‌షిప్పు పరీక్షకి పంపాలమ్మా. పేరు రాసుకుంటాను" అని ఆయన నా నంబరడిగి, రిజిస్టరు తెరిచి, ముప్పై ఏడు దగ్గర వేలు పెట్టి, ఆ పేరు పైకి చదివి, ఎర్ర సిరాతో తన పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు.

ఆ పిల్లను నేనెన్నడూ చూడలేదు. ఆ నిమిషంలో ఎక్కడో చేలో వంగి మినుము పీకుతూ ఉండి ఉంటుంది. అయినా ప్రపంచంలో ఆమె మీద పడినంత అసూయ నాకు ఎవరి మీదా పడలేదు. సోలలు నావి, ఎక్కం నాది, పేరు ఆమెది! టీచరమ్మ, వాళ్ళమ్మ, అద్దె గది, అన్నీ మరిచిపోయాను.

"ఆ పేరు నాది కాదండి" అన్నాను. నా పేరు చెప్పి, "అది రాయండి" అన్నాను.

ఆయన రిజిస్టరులో పైనుంచి కిందికి వెతికారు. లేదు. అప్పుడు నాలుగో టీచరమ్మ ముందుకొచ్చారు. "ఈ పిల్ల మా బడి పిల్ల కాదండి. మా పిల్లలు పదకొండుమంది మినుము తీతకి వెళ్ళారు. వాళ్ళ బదులు వీళ్ళని నేనే కూర్చోబెట్టాను" అన్నారు. పెద్ద మాస్టారి పేరెత్తితే బడికే గ్రాంటు పోతుందని ఆవిడ అంతా తన మీద వేసుకున్నారని చాలా ఏళ్ళకుగాని నాకు అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టరుగారు అరువు పిల్లల సంగతి రాయలేదు. మంచాయన. కానీ మా పదకొండు తలలూ తీసేసి, మిగిలినవే రాసుకుని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికి వెళ్తుంటే బుల్లక్క ఒకే మాట అంది: "చెయ్యి ఎత్తొద్దన్నారుగా." ఇంట్లో నాయనమ్మ మాత్రం నన్ను దగ్గరకు తీసుకుని, "అడిగితే నిజం చెప్పింది నా బంగారం" అని వేడన్నంలో నెయ్యి వేసి పెట్టింది. తిన్నాను. నేను నిజం కోసం చెప్పలేదని, నా పేరు రాయలేదన్న ఉక్రోషంతో చెప్పానని ఆవిడకు ఎన్నడూ చెప్పలేదు. ఆవిడ పోయాక కూడా ఆ నెయ్యి నా గొంతులోనే ఉంది.

వేసవి సెలవుల్లో నాలుగో పోస్టు పోయింది. టీచరమ్మ బాపట్ల వెళ్ళిపోయే ముందు రోజు మా ఇంటికి వచ్చారు. నేను తలుపు వెనక్కి చేరాను. నాయనమ్మ మజ్జిగకు లోపలికి వెళ్ళగానే ఆవిడ తలుపు వైపు వంగి, మెల్లగా అడిగారు.

"అందరూ నువ్వు నిజం చెప్పావంటన్నారు. నీ పేరు రాయలేదనే గదా చెప్పావు?"

"అవునండి."

ఆవిడ నవ్వారు. "నేనైనా చెప్పేదాన్నేలే" అని, సంచిలోంచి సగం వాడిన పాత హాజరు పట్టీ తీసి నా చేతిలో పెట్టారు. ఖాళీ పేజీలో, ఒకటో నంబరు దగ్గర, గుండ్రటి అక్షరాలతో నా పేరు ఉంది. "ఇది మీ ఇంటి బడి రిజిస్టరు. రోజూ హాజరు నువ్వే వేసుకో. తనిఖీకి ఎప్పుడన్నా వస్తాను" అన్నారు. పట్టీ నిండేదాకా వేసుకున్నాను. ఎగపోత వచ్చిన రోజున నాకు నేనే సెలవుచీటీ రాసుకుని అందులో పెట్టేదాన్ని.

పదేళ్ళు దాటాక నాకు పెళ్ళయి బాపట్లలోనే కాపురం పెట్టాను. తొంభైల చివరికొచ్చేసరికి మా అమ్మాయికి అయిదేళ్ళు వచ్చాయి. తెనాలి నుంచి మా ఆడపడుచు వచ్చిందంటే వాళ్ళ పిల్ల టై, బూట్లు, ఇంటి ముందుకొచ్చే వ్యాను, నెలనెలా ఫీజు గురించే చెప్పేది. ఫీజు కట్టలేక ఏడ్చేవాళ్ళను చూశానుగాని, కడుతున్నందుకు అంత మురిసిపోయేవాళ్ళను ఆమెనే చూశాను. నాకు పాత జబ్బు తిరగబెట్టింది. ఉబ్బసం కాదు, రెండోది. మా అమ్మాయికీ టై కట్టాల్సిందేనని గాజులు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉండగా, జూన్‌లో ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గుమ్మంలో నెరిసిన జుట్టుతో, దుమ్ముపట్టిన చెప్పులతో ఒకావిడ. చేతిలో రిజిస్టరు.

"అమ్మా, పక్క వీధి గవర్నమెంటు బడిలో టీచర్ని. మీ ఇంట్లో బడి ఈడు పిల్లలున్నారా? అందరూ వ్యాను బళ్ళకే పోతన్నారు. మాకు ఒక్కరు తక్కువున్నారమ్మా" అన్నారు.

ఆ గొంతు గుర్తుపట్టడానికి నాకు నిమిషం పట్టలేదు.

"ముప్పై ఏడో నంబరండి" అన్నాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైకి చూశారు. కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "పట్టీ నిండిందా?" అని అడిగారు.

మా అమ్మాయిని ఆ బడిలోనే వేశాను. ఈసారి అరువు కాదు. ఆవిడ మా అరుగు మీదే కూర్చుని రిజిస్టరు తెరిచి, సిరాతో పేరు రాశారు. రాస్తుంటే వెనక నిలబడి చూశాను. నిజం చెప్పాలిగా, కన్నకూతురి మీద కూడా అసూయ పడ్డాను. గవర్నమెంటు రిజిస్టరులో మా ఇంటిపేరు అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. నా పాత పట్టీ ఇప్పటికీ పెట్టెలో ఉంది. ఎప్పుడైనా తీసి చూస్తే, రోజుకో టిక్కు పెట్టుకుని తన హాజరుకు తానే పొంగిపోయిన ఆ పిల్ల మీద కోపం రాదు, నవ్వొస్తుంది.

నాలుగో టీచరమ్మ ఇప్పుడు లేరు. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా, మీ పిల్లల్ని బడికి పంపే పూట ఒక్కసారి ఆవిడను తలచుకోండి. మీరలా ఆవిడ హాజరు పిలిస్తే, ఈ లోకంలో "హాజరండీ" అనడానికి ఆవిడకు ఎవరూ లేరు. ఆవిడ తరఫున నేను అంటాను.