గాలి చాలని షెడ్డు

దేవరకొండ బడిలో రసాయనశాస్త్రం చెప్పే ఎస్తేరు ఏటా వంటగ్యాసులోని ప్రొపేన్ మండే సమీకరణాన్ని పిల్లలతో తుల్యం చేయించేది. రెండు ప్రొపేన్ అణువులు పూర్తిగా మండడానికి పది ఆక్సిజన్ అణువులు కావాలి. ఏడే అందితే పుట్టేది విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్.

పోయిన చలికాలంలో ఆమె భర్త బెంజమిన్ కోడిపిల్లలకు చలి తగలకూడదని షెడ్డు పరదాలన్నీ దించి, గ్యాసుపొయ్యి వెలిగించి, పక్కనే నడుం వాల్చాడు. ఆమె బడినుంచి వచ్చేసరికి అతని ప్రాణం పోయింది.

ఇవాళ బోర్డుమీద ఏడు వేయగానే ఆమె చేయి ఆగిపోయింది.

"పది కదా టీచర్, ఏడెందుకు ఏసిన్రు?" అని ముందు బల్లలోని మల్లీశ్వరి అడిగింది.

"గాలి సాలలే బిడ్డా. మీ అసుంటోళ్లకు ఏటేటా చెప్పిన. ఇంట్ల ఆయనకు ఒక్కనాడన్న చెప్పకపోతి," అంది ఎస్తేరు.

గంట కొట్టేదాకా పిల్లలవైపు తిరగలేకపోయింది.